వంటగట్టు డబ్బులతో చిత్రిక మెషిన్

కిందటేడు కనుమ వెళ్లిన రెండోరోజున మా గేటు ముందు ఒక ట్రాక్టరు ఆగింది. ట్రక్కు నిండా దూలాలు, వాసాలు, తలుపు చెక్కలు. కోనసీమలో మావయ్యగారు కట్టించిన మండువా ఇల్లు విప్పేశారు. అందులో మా వాటాకి వచ్చిన టేకు కలప అది. మా పెద్ద బావగారు, మరిది తమ వాటాలు అక్కడికక్కడే అడితికి అమ్మేసి డబ్బు జేబులో వేసుకున్నారు. మావారు మాత్రం ట్రాక్టరు కిరాయి ఎదురిచ్చి మరీ రాజమండ్రి తెచ్చుకున్నారు.

"ఏం చేస్తారండీ వీటితో?" అన్నాను.

"చూద్దాం" అన్నారు.

బ్యాంకులో రిటైరైన దగ్గర్నుంచీ ఆయన నోట ఎక్కువగా వినపడే మాట అదే. ఊరికి వెళ్దామా అంటే చూద్దాం, కూర ఏం చెయ్యను అంటే చూద్దాం. పొద్దున్న పేపరు పట్టుకుని కూర్చుంటే పన్నెండింటికి గానీ లేచేవారు కాదు. అలాంటి మనిషి మర్నాడు పొద్దున్నే షెడ్డులో కూర్చుని దూలాల్లోంచి మేకులు పీకుతుంటే నేను నోరెత్తలేదు. కారు కొంటామని ఇల్లు కట్టినప్పుడు వేయించిన షెడ్డు అది. కారు రాలేదు, ఇన్నాళ్లకి కలప వచ్చింది.

చిన్నప్పుడు వేసవి సెలవులంతా వాళ్ల ఊరి వడ్రంగి పక్కన కూర్చుని గడిపేవారట. ఉలి పట్టడం, చిత్రిక పట్టడం అప్పుడే వచ్చేశాయి. తర్వాత చదువు, ఉద్యోగం, బదిలీలు. ఆ చేతులకి నలభై ఏళ్ల తర్వాత మళ్లీ పని దొరికింది.

దూలాల్ని కోతమిల్లుకి తీసుకెళ్లి బల్లలుగా కోయించారు. మేకు తగిలి రంపం పాడైతే ఖర్చు మాదేనని ముందే ఒప్పించుకుని మరీ కోశాడు మిల్లు ఆయన. వచ్చిన బల్లలు చూస్తే ఒక కొస అంగుళంపావు, ఇంకో కొస అంగుళంన్నర. పైన రంపపు గాట్లు. అలాంటి రెండు బల్లల్ని పక్కపక్కన పెట్టి అతికితే ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటుంది. పీట చెయ్యాలన్నా, అలమర చెయ్యాలన్నా ముందు బల్లలన్నీ ఒకే మందానికి రావాలి.

నాలుగు రోజులు చేత్తో చిత్రిక పట్టారు. ఐదోరోజు కుడిచెయ్యి భుజం పైకి లేవలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే భుజం బిగుసుకుపోయింది, ఈ తోపుడు పని ఆపమన్నారు. తెలిసినవాళ్ల దగ్గర కరెంటు చిత్రిక, అదే చేత్తో పట్టుకుని నడిపేది, తెచ్చి చూశారు. దాని బ్లేడు వెడల్పు 82 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాల చిల్లర. తొమ్మిదంగుళాల బల్ల మీద మూడు నాలుగు వరసలు తోలాలి, వరసకీ వరసకీ మధ్య గట్టు మిగిలిపోతుంది. అరక దున్నిన చేనులా ఉంది బల్ల.

మళ్లీ పేపరు, మళ్లీ కుర్చీ. వారం రోజులు అలా గడిచాక ఒక రాత్రి అన్నం తింటూ, "థిక్‌నెస్ ప్లేనర్ అని ఒక మెషిన్ ఉంటుంది" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ధర అడిగితే చెప్పాల్సి వస్తుందని నాకు అర్థమైంది. నేనూ అడగలేదు.

అది ఏమిటో తెలియనివాళ్లకి చెప్తాను. కింద నున్నటి ఇనప పళ్లెం. పైన గిరగిరా తిరిగే ఒక ఇరుసు, దానికి పొడవాటి బ్లేడులు. అటూ ఇటూ రెండు రబ్బరు రోలర్లు. ఇటునుంచి బల్ల పెడితే చెరకు రసం బండిలో గడ లాగినట్టు రోలర్లే లాక్కుంటాయి. బ్లేడు పైపొర గీకేస్తుంది, అటునుంచి బల్ల బయటికి వస్తుంది. పక్కనున్న పిడి కొంచెం తిప్పితే బ్లేడు ఇంకొంచెం కిందికి దిగుతుంది. అలా నాలుగైదుసార్లు పంపితే బల్ల ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం. భుజంతో పని లేదు.

రెండు రోజుల తర్వాత ఆయన ఫోనులో ధర నేనే చూశాను. పేరున్న కంపెనీది అరవై వేలకి అటూ ఇటూగా ఉంది.

నా చీటీ డబ్బు సరిగ్గా అరవై వేలు. ఆ డబ్బు దేనికో చెప్పాలి. మా వంటగట్టు చాలా కిందికి ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ తన లెక్కలో కట్టేశాడు, నేను పొడుగు మనిషిని. 22 ఏళ్లుగా వంగి కూరలు తరుగుతున్నాను, వంగి పిండి కలుపుతున్నాను. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. గట్టు పగలగొట్టి, ఎత్తు పెంచి, కొత్త గ్రానైటు వేయించుకోవడానికి నెలకింత చొప్పున దాచుకున్న డబ్బు. పిల్ల ఫీజు వచ్చినప్పుడు ఒకసారి, అత్తయ్యగారి ఆపరేషనప్పుడు ఒకసారి అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది.

మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. నాలుగోరోజు పొద్దున్న కాఫీ ఇస్తూ చెప్పాను. "చీటీ డబ్బు ఇస్తాను. కానీ మెషిన్ నేను చూసి ఎంచుతాను."

"నువ్వా?" అన్నారు.

"అవును. మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్జు, వాషింగ్ మెషిను ఎవరు ఎంచారు ఈ ఇంట్లో? ఏదైనా పాడైందా?"

దానికి ఆయన దగ్గర జవాబు లేదు.

మొదట నేను వేసిన లెక్క, అసలు మెషిన్ కొనకుండా గడుస్తుందా అని. కోతమిల్లు పక్కనే ప్లేనింగ్ చేసేవాడు ఉన్నాడు, బల్లకింత అని తీసుకుంటాడు. మా బల్లలన్నిటికీ కలిపి మెషిన్ ధరలో పదోవంతు కూడా కాదు. మీ ఇంట్లో ఏదో ఒక్క మంచమో, ఒక్క బల్లో చేయించుకోవాలంటే నా సలహా అదే, మిల్లులో పట్టించుకోండి. కానీ మా కలప పేరు చెప్పగానే అతను చేతులు ఊపేశాడు. "ఆయ్, పాత ఇంటి కలపాండీ? మేం పెట్టమండీ. లోపల మేకు ముక్క ఒక్కటుంటే నా బ్లేడులు పోతాయండీ." అతని మాట తప్పని తర్వాత మాకే తెలిసొచ్చింది.

రెండోది, మూతపడిన ఫర్నిచర్ షాపువాళ్లు అమ్ముతున్న పాత పోత ఇనుము మెషిన్. ధర తక్కువ, కొత్తదాంట్లో సగం. మావారు దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగారు, కళ్లలో వెలుగు. నేను అడిగినవి మూడే. బరువెంత? నలుగురు ఎత్తితే కదలదు, క్రేను కావాలి. కరెంటు? త్రీఫేజ్. బ్లేడులు? సాన పట్టించాలి, మళ్లీ వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాలి. ఇది వెట్ గ్రైండరు జాతి. మోటారు నిదానం, చప్పుడు తక్కువ, తరాలు నడుస్తుంది. కానీ రోజూ పాతిక బల్లలు పట్టే చోటికి అది. మా షెడ్డుకి త్రీఫేజ్ తెప్పించే ఖర్చూ, క్రేను ఖర్చూ కలిపితే సగం ధర కాస్తా పూర్తి ధర దాటిపోయింది.

మూడోది ఆన్‌లైన్‌లో కనపడ్డ పేరు తెలియని మెషిన్. ముప్పై అయిదు వేలు. బొమ్మలో అన్నీ ఒకలాగే ఉన్నాయి. అమ్మేవాళ్లకి ఫోన్ చేసి, "బ్లేడులు విడిగా దొరుకుతాయా? కార్బన్ బ్రష్షులు? బెల్టు?" అన్నాను. అవతల అబ్బాయి, "మేడమ్, ఒక సంవత్సరం దాకా ఏం కాదు" అన్నాడు. సంవత్సరం తర్వాత నేను ఏ ఊరు వెళ్లి వెతకాలి? ఒకసారి చవకగా వస్తుందని పేరులేని మిక్సీ కొని, జారు పగిలితే జారు దొరక్క మోటారు అటక మీద పెట్టుకున్న అనుభవం నాకుంది. మీలో ఎంతమంది అటకల మీద ఉందో అలాంటిది!

ఇలా ఇంట్లో బల్ల మీద పెట్టుకునే ప్లేనర్లన్నీ మిక్సీ జాతి. చిన్న మోటారు, చాలా వేగం, కార్బన్ బ్రష్షులు, చెవులు చిల్లులు పడే మోత. మిక్సీని ఎలా వాడతామో దీన్నీ అలాగే వాడాలి, కొంచెం కొంచెంగా, మధ్యలో చల్లారనిస్తూ. ఇది అర్థమయ్యాక నాకు భయం పోయింది.

మిగిలింది పేరున్న కంపెనీలు. డివాల్ట్‌ది 13 అంగుళాల వెడల్పు, మూడు బ్లేడులు, రెండు వేగాలు. దాన్ని చూసి ఆయన మనసు పారేసుకున్నారు. బరువు 40 కిలోల పైన, ధర మా డబ్బు దాటింది. మకిటాది 12 అంగుళాలు, రెండు బ్లేడులు, బరువు సుమారు 28 కిలోలు. చిన్న చదరపు ముక్కల బ్లేడులు వరసగా బిగించినవి కూడా ఉంటాయట. ఒక మూల మొద్దుబారితే ఆ ముక్కని తిప్పుకుంటే చాలు, మోత కూడా తక్కువ. అవి మా డబ్బుకి అందేవి కావు.

"ఒక్క అంగుళం తేడా. ఎప్పుడైనా వెడల్పు బల్ల వస్తే?" అన్నారు ఈయన.

టేపు పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. ఆయన పట్టుకుంటే నేను కొలిచి, పాల చిట్టా వెనకాల రాశాను. 43 బల్లలు. అన్నిట్లోకీ వెడల్పైనది 11 అంగుళాలు. ఒక్కటి తప్ప. అది అత్తయ్యగారి ఉయ్యాల బల్ల, 20 అంగుళాలు. అది 12లోనూ పట్టదు, 13లోనూ పట్టదు. సంవత్సరానికి ఒకసారి వ్రతానికి వచ్చే యాభైమంది కోసం రోజూ పెద్ద గుండిగలో అన్నం వండుకుంటామా? ఆ ఒక్కదాన్నీ చేత్తో చేయించుకుందాం అన్నాను. ఆయన నవ్వారు. చాలా రోజుల తర్వాత.

షాపులో కుర్రాడు అన్నీ "సార్, సార్" అంటూ ఆయనకే చెప్తున్నాడు. బ్లేడుల జత ధరెంత, మీ దగ్గర ఇప్పుడు ఉందా, తీసి చూపించు అన్నాను నేను. ఉంది, చూపించాడు. రెండు వైపులా పదునున్న బ్లేడు. ఒక అంచు అరిగితే తిప్పి పెట్టుకోవచ్చు, మావయ్యగారు గడ్డం గీసుకునే బ్లేడు తిప్పుకున్నట్టు. సాన పట్టించే పని లేదు. సర్వీసు ఈ ఊళ్లోనే. 28 కిలోలంటే మేమిద్దరం చెరో వైపు పట్టుకుని ఎత్తగలం. బిల్లు వెయ్యమన్నాను. ఒక జత బ్లేడులు కూడా అప్పుడే తీసుకున్నాను.

మెషిన్ ధరతో ఖర్చు అయిపోదు, గుర్తుపెట్టుకోండి. ఇది 1650 వాట్లు, గీజరుకి కాస్త తక్కువ. షెడ్డులో ఉన్న 6 ఆంపియర్ల ప్లగ్గు చాలదు. ఎలక్ట్రీషియన్ చేత విడిగా వైరు లాగించి 16 ఆంపియర్ల పాయింటు పెట్టించాం. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగతో నడిపితే తీగ కాలుతుంది, మోటారూ దెబ్బ తింటుంది. చెవులకి మఫ్లు, కళ్లకి అద్దాలు, ముక్కుకి మంచి మాస్కు. కలప ధూళి క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్నదే, అందుకని మాస్కు దగ్గర బేరం లేదన్నాను. పొట్టు పట్టడానికి వాడి పారేసిన బియ్యం సంచులు. వెనక ఇంట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్ల ఉందని, పదిన్నర నుంచి పన్నెండు దాకానే మెషిన్ వెయ్యాలని షరతు. మెషిన్ నడుస్తున్నంతసేపూ లుంగీ కట్టకూడదు, మెడలో తువ్వాలు ఉండకూడదు, బల్లకి సూటిగా వెనక నిలబడకూడదు. నేను అందుకోవడానికి వెళ్తే కొంగు బొడ్లో దోపుకుని, గాజులు పైకి నెట్టుకుని వెళ్లాలి.

మొదటి రోజు పండగే. రంపపు గాట్లతో, నల్లటి మరకలతో లోపలికి వెళ్లిన బల్ల బంగారు రంగులో బయటికి వచ్చింది. అరవై ఏళ్ల కిందటి టేకు వాసన ఇల్లంతా. బల్ల మొదట్లో, చివర్లో మూడంగుళాల మేర కొంచెం ఎక్కువ గీకి పల్లం పడుతోంది. అది ఈ చిన్న మెషిన్లన్నిటికీ ఉన్న జబ్బే. అటుపక్క నేను నిలబడి బల్ల కొస వాలకుండా కాస్త పైకి పట్టుకుంటే చాలావరకు తగ్గింది. బల్ల అవసరానికంటే ఆరంగుళాలు పొడుగు ఉంచుకుని ఆ కొసలు తర్వాత కోసేసుకోవడం ఇంకా సులువు.

ఇంకోటి, వంకర బల్లని ఇది తిన్నగా చెయ్యదు. రోలర్లు అదిమి పడతాయి, గీకుతుంది, బయటికి రాగానే బల్ల మళ్లీ పాత వంకరే. నున్నటి వంకర, అంతే. దానికి వేరే మెషిన్ కొనాలన్నారు. ఇంకో మెషిన్ మాట ఎత్తకండి అన్నాను. చివరికి తిన్నటి ప్లైవుడ్ పలక మీద వంకర బల్లని పెట్టి, ఎత్తుగా ఉన్నచోట కింద చిన్న చీలికలు దూర్చి కదలకుండా అతికించి, పలకతో సహా పంపారు. పైవైపు తిన్నగా వచ్చింది. తర్వాత తిరగేసి మామూలుగా పంపితే రెండో వైపూ తిన్ననే.

మూడోరోజు నేను గుడికి వెళ్లి వచ్చేసరికి మెషిన్ ఆగి ఉంది. ఆయన పక్కన కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నగా దారంలా ఒక గీత, ఉబ్బెత్తుగా. బ్లేడులో రవ్వంత ముక్క ఎగిరిపోయింది. దూలంలో తల విరిగి ఉండిపోయిన మేకు. ప్రతి బల్లనీ అయస్కాంతంతో తడిమి చూశాకే పెట్టాలని, పాత స్పీకర్లోది ఊడదీసి దారం కట్టి ఇచ్చాను నేను. బల్ల దగ్గర అది కొంచెం లాగినట్టు ఊగినా అక్కడ ఇనుము ఉన్నట్టే. అది మేకుకే తగిలించి ఉంది.

"ఒక్కటే కదా అని..." అన్నారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. మేకు మీద కాదు. "మీ భుజం నొప్పికి అరవై వేల మెషిన్ వచ్చింది. నా నడుం నొప్పికి 22 ఏళ్లుగా ఏం వచ్చిందండీ? ఆ డబ్బు నేను దేనికి దాచుకున్నానో మీకు గుర్తుందా అసలు?" అన్నాను. అనకూడదని ఎన్ని రోజులు అనుకున్నానో అదే అనేశాను. ఆయన తలెత్తి చూశారు. గుర్తులేదని ఆ చూపులోనే తెలిసింది. చీటీ డబ్బంటే చీటీ డబ్బే అనుకున్నారు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు, నేనూ విడమరిచి చెప్పలేదు.

ఆ రోజు ఇంట్లో మాటల్లేవు. మర్నాడు బ్లేడులు తిప్పి పెట్టుకున్నారు, అయస్కాంతం చొక్కా గుండీకి కట్టుకున్నారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, "ఇలా నిలబడు" అన్నారు. మోచేతుల దగ్గర్నుంచి గట్టు దాకా టేపు పెట్టి కొలిచారు. ఎందుకని నేను అడగలేదు.

పది రోజుల తర్వాత గట్టు మీద ఒక బల్ల వచ్చింది. అయిదంగుళాల ఎత్తు, మూడడుగుల పొడుగు, దళసరి కాళ్లు. స్టవ్వు పక్కన ఖాళీలో కదలకుండా కూర్చుంది. దాని మీద కత్తిపీట పలక పెట్టుకుని తరిగితే, చపాతీ పిండి కలిపితే వంగక్కర్లేదు. స్టవ్వు ఇంకా కిందే ఉంది, పోపు పెట్టేటప్పుడు ఇంకా వంగుతున్నాను. గట్టు పని ఈ ఏడు దసరాకి చేయిద్దామన్నారు, తన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి తీసి. "చూద్దాం" అనలేదు, తారీఖు చెప్పారు.

చవకైన మెషిన్ ఏదమ్మా అని మొన్న మా తోడికోడలు ఫోన్లో అడిగింది. వాళ్లాయనకి మా షెడ్డు చూశాక ఆశ పుట్టిందట. అమ్మేసిన కలప గురించి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నేను చెప్పిందే మీకూ చెప్తున్నాను. ముందు మీ బల్లలు కొలవండి. తర్వాత బ్లేడుల ధర, అవి దొరికే చోటు, ప్లగ్గు, బరువు చూడండి. ఇవన్నీ కలిపితే వచ్చేదే ధర, డబ్బా మీద రాసింది కాదు. అన్నిటికంటే ముందు, ఆ డబ్బు ఇంట్లో ఎవరిదో, దేనికి దాచిందో అడగండి.

ఉయ్యాల బల్ల ఇంకా షెడ్డులో గోడకి ఆనించే ఉంది. దాని మూల అత్తయ్యగారి తమలపాకుల సున్నం మరక ఉంది. చేత్తో చిత్రిక పట్టడానికి వడ్రంగి వచ్చి చూసి వెళ్లాడు. పట్టించాలో వద్దో మేమే తేల్చుకోలేదు.

నా వంటింటి బల్ల మీద కూడా ఒక గీత ఉంది. మేకు తగిలిన రోజు మెషిన్‌లో ఉన్న బల్లే అది. ఇసుక కాగితంతో రెండు నిమిషాల్లో పోతుంది, రేపు తీసేస్తానన్నారు. నాలుగు నెలలైంది. పిండి కలుపుతుంటే చేతికి తగులుతూనే ఉంటుంది. నేనూ గుర్తుచెయ్యడం లేదు.